ఓబుళరెడ్డి వామి, బాలిరెడ్డి బావి

ఫైర్ సర్వీసులో చేరిన రోజు నాకు ఒక ఖాకీ జత, ఒక ఇత్తడి టోపీ, ప్రొద్దుటూరులో ఎవరి తలుపైనా పగలగొట్టే అధికారం ఇచ్చారు. మూడింటిలో ఏదీ నాకు సరిపోలేదు. నిక్కరు వదులు, టోపీ బిగువు, అధికారం మరీ పెద్దది. నిక్కరును దర్జీ సరిచేశాడు, టోపీకి నా తలే అలవాటు పడింది. అధికారం నా కొలతకు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన పురోహితుడు. చుట్టుపక్కల ఎవరింట్లో హోమం జరిగినా అగ్నిదేవుణ్ణి పిలిచేది ఆయనే. నాకు ఈ ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఆయన చేరడానికి మంచిరోజు చూసి పెట్టాడు. మా అమ్మ మాత్రం పొయ్యి ముందు కూర్చుని, "తండ్రేమో రారా అంటాడు, కొడుకేమో పోరా అంటాడు. ఆ దేవుడు యాడికి పోవల్ల?" అంది. నా సర్వీసు మొత్తంలో ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఏ ఆఫీసరూ నన్ను అడగలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఎన్ని మంటలు ఆర్పినారు అని అడుగుతారు. లెక్కపెట్టలేదని చెబితే నిరుత్సాహపడతారు. ప్రమోషన్ల గురించి అడిగితే, వచ్చినవి నాకూ రానివి మా ఆవిడకూ బాగా గుర్తున్నాయని చెప్పి ఊరుకుంటాను. వాళ్లకు చెప్పవలసినవి వేరే ఉన్నాయి. అవి కాఫీ తాగేలోపు చెప్పి ముగించేవి కావు.

నీళ్లు తప్ప అన్నీ ఉన్న చట్టం

మా నియమాలన్నీ మద్రాసు కాలం నాటివి. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు బండి మీద మద్రాసు పేరు చెరిపి ఆంధ్ర అని రాయించారు. ఆ రంగు వెలవక ముందే హైదరాబాదు రాజధాని అయింది, పెయింటరును మళ్లీ పిలిచారు. పేర్లు మారాయి కానీ నియమాలలో అక్షరం మారలేదు. బండి ఇంజనూ మారలేదు.

ఆ నియమాల ప్రకారం మంట దగ్గర మేము రాజులం. తలుపులు పగలగొట్టవచ్చు. మంట పాకకుండా, అంటుకోని ఇంటిని కూడా కూల్చవచ్చు. దారి మూసేయవచ్చు, జనాన్ని తరిమేయవచ్చు. నీళ్లు ఎవరి బావిలో ఉన్నా, ఏ తొట్టిలో ఉన్నా, అడక్కుండా తీసుకోవచ్చు. చదువుతుంటే మీసం దానంతట అదే లేస్తుంది. కడప జిల్లాలో ఎండాకాలం ఆ బావిలో నీళ్లు ఉంటాయా అనే విషయం ఒక్కటే అందులో రాయలేదు.

నా మొదటి తలుపు సంగతి చెబుతాను. ప్రొద్దుటూరు బజారులో ఒక బట్టల అంగడి నుంచి పొగ వస్తున్నదని కబురొచ్చింది. మేము గంట కొట్టుకుంటూ వెళ్లాం. మంచి టేకు తలుపు. గొడ్డలి అందుకుని, సినిమాలో హీరోలాగా, నేనే స్వయంగా పగలగొట్టాను. లోపల చూస్తే సాంబ్రాణి కుంపటి పక్కన ఒక పాత గోనెసంచి రాజుకుని పొగ వస్తున్నది. చెంబెడు నీళ్లతో పోయింది. వెనక్కి తిరిగితే అంగడి యజమాని నిలబడి ఉన్నాడు. గుప్పిట తెరిచి చూపించాడు.

"తాళంచెవి నా కాడే ఉండాది సారూ."

"ఆ మాట ముందే చెప్పకూడదా?"

"మీరడగలా. గొడ్డలి సూసి సర్కారు పనేమో అనుకుంటి. సర్కారు పనికి అడ్డమొస్తే కేసంట గదా."

చేతిలో గొడ్డలి ఉన్నప్పుడు నోరు పనిచేయదని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఏ తలుపు దగ్గరైనా ముందు గట్టిగా అరిచి అడుగుతాను, తాళం ఎవరి దగ్గర ఉందని. సగం సార్లు జవాబు వస్తుంది.

హద్దులు

మా బండి ప్రొద్దుటూరు మునిసిపాలిటీ హద్దులకు చెందినది. జమ్మలమడుగు, పులివెందుల, మధ్యలో ఉన్న పల్లెలన్నీ మాకు పైఊళ్లే. పైఊరికి పోవాలంటే బాధ్యత గల మనిషి కబురు చేయాలని మా పెద్దాఫీసరు గారి ఉత్తర్వు. బాధ్యత గల మనిషి అంటే మునసబు, కరణం, లేదంటే పోలీసు. గుడిసె అంటుకున్నవాడు ఆ లెక్కలోకి రాడు. వాడు ముందు మునసబును వెతకాలి. మునసబు సంతకు పోయి ఉంటే కరణాన్ని వెతకాలి. కరణం భోంచేసి పడుకుని ఉంటే లేపాలి. ఆ తర్వాత కరణం ఫోను ఉన్న ఊరు దాకా పోవాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటారే, అది ఇంతకంటే త్వరగా అయ్యే పని.

పెద్దాఫీసరు గారిది కృష్ణా జిల్లా. కాలువ గట్టున పుట్టిన మనిషి. ఎక్కడ మంట లేచినా "పక్కన కాలువ లేదా అండీ?" అనేవారు. ఆయనకు మా భాష మోటుగా వినిపించేది, మాకు ఆయన భాష నాటకంలో మాటల్లాగా వినిపించేది. నియమం తప్పితే తండ్రినైనా సస్పెండ్ చేస్తాడని పేరు. ఆయన మీద మేము చెప్పుకున్న జోకులు ఆయన చెవిన పడే ఉంటాయి. వాటి మీద మాత్రం ఎన్నడూ చర్య తీసుకోలేదు.

ఒకసారి పులివెందుల పక్క పల్లె నుంచి కబురొచ్చింది. పెన్న దాటి, ముద్దనూరు మీదుగా, బండికి దారిలో రెండుచోట్ల నీళ్లు తాగించుకుంటూ పోయాం. మేము చేరేసరికి ఊరివాళ్లు మన్ను చల్లి, తడి గోనెలతో బాది మంట ఆర్పేశారు. అరుగుల మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. మమ్మల్ని చూసి ఒక పెద్దాయన లేచాడు.

"రాండి మామా, కూకోండి. మా ఊరు కాలితే మీరొచ్చేది ఆర్పేదానికి గాదులే, పలకరించేదానికి."

ఆయన మాటలో కోపం లేదు. చావింటికి ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని మర్యాద చేసినట్టు మాకు మజ్జిగ ఇచ్చారు. పిల్లల సరదా కోసం ఒకసారి గంట కొట్టమన్నారు. మా డ్రైవరు మస్తాన్ కొట్టాడు. తిరుగుదారిలో వాడు నాతో, "ఈ బండికి గంట తీసేసి డోలు పెడితే బాగుంటాది సారూ, తిరునాళ్లకన్నా పిలుస్తారు" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

జమ్మలమడుగులో జనాన్ని తరిమే అధికారం వాడి చూశాను. బజారులో పూరికప్పు అంగళ్లు అంటుకున్నాయి. "పక్కకు పోండి, చట్టం ఉంది" అని అరిచాను. జనం నా వైపు తిరిగి, చట్టం ఎట్లుంటుందో చూద్దామని ఇంకా దగ్గరికి వచ్చారు. మస్తాన్ గొట్టాన్ని కాస్త వాళ్ల మీదికి తిప్పాడు. ఎండాకాలం కదా, హాయిగా తడిశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని సామెత ఉందే, ఆ మనిషిని నేను అక్కడ కళ్లారా చూశాను. కాలుతున్న వాసం ముక్క తీసుకుని చుట్ట ముట్టించుకున్నాడు. పైగా నన్నూ అడిగాడు, కావాలా సారూ అని.

ఆర్పొద్దంటే ఏం చేయాలి

ఇప్పుడు అసలు సంగతి. దువ్వూరు దగ్గర ఒక పల్లె. పేరు రాయను. అక్కడ ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి, నేను ఇప్పటికీ ఆ దారినే బ్రహ్మంగారిమఠం పోతుంటాను. ఒక పార్టీకి ఓబుళరెడ్డి, ఇంకొక పార్టీకి బాలిరెడ్డి. తగాదా ఎందుకొచ్చిందంటే ఒకరు పంచాయతీ ఎన్నికలన్నారు, ఒకరు కోడిపుంజు అన్నారు. ఏదైనా గానీ, ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు ఊరు విడిచి పోయేంత పగ.

ఎండాకాలం మధ్యాహ్నం దువ్వూరు నుంచి ఫోను వచ్చింది. చేసింది మునసబే కాబట్టి చట్టప్రకారం బయలుదేరాం. పోయి చూస్తే ఓబుళరెడ్డి వరిగడ్డి వామి ఒక కొస నుంచి మండుతున్నది. మిద్దెంత వామి. గాలి తూర్పుకు ఉంది. తూర్పున వామి పక్కనే బోదగడ్డి కప్పిన ఒక కొట్టం, మట్టిగోడల గుడిసె, దాని ముందు ముళ్లకంప వేసిన గొర్రెల దొడ్డి. ఆ కొట్టానికి అవతల బాలిరెడ్డి వామి. అంటే రెండు పార్టీల గడ్డి నడుమ ఒక కొట్టం.

ఆ కొట్టం లక్షుమక్కది. వాళ్లు గొర్రెలు కాచుకునేవాళ్లు. మేత కోసం ఆమె భర్త మందను నల్లమల వైపు తోలుకుపోయాడు. నడవలేని ఈనిన గొర్రెలు, వాటి పిల్లలు, ఇంట్లో ఉన్న గింజలు, అన్నీ ఆమె దగ్గరే కొట్టంలో ఉన్నాయి. బోద గడ్డి ఎండితే అగ్గిపుల్లకు చుట్టం. ఒక్క నిప్పురవ్వ పడితే ఆ కొట్టం కాలడానికి ఎంతోసేపు పట్టదు.

బండిలో తెచ్చిన నీళ్లు వామికి ఒక గుక్క కూడా కాలేదు. కాలువ ఎండిపోయి ఉంది. ఓబుళరెడ్డి బావి దూరం, అందులో ఉన్నది బురద. నీళ్లున్నది బాలిరెడ్డి బావిలోనే, అదీ దగ్గరలో. మస్తాన్ నీళ్లు పీల్చే గొట్టం భుజాన వేసుకుని అటు పరుగెత్తాడు, వెనకే నేనూ పోయాను. బావి గట్టు మీద బాలిరెడ్డి కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"నీళ్లకేమప్పా, ఉండాయి. ఇస్తా. వాడొచ్చి, బాలన్నా, రోంత నీళ్లియ్యి అని అడగాల. అంతే."

"నేను ఎవురినీ అడగాల్సిన పని లేదు రెడ్డీ. చట్టముండాది."

"నాకెందుకు చెప్తావు చట్టం, పోయి వాన్నడుగు. వానికి నా నీళ్లు కావాలో వద్దో."

నేను ఓబుళరెడ్డి దగ్గరికి పోయాను. తలకు తువ్వాలు చుట్టుకుని, కట్టెలు పట్టుకున్న మనుషుల నడుమ నిలబడి, తన గడ్డి కాలడాన్ని వేరేవాళ్ల గడ్డి కాలినట్టు చూస్తున్నాడు.

"బాలిరెడ్డి నీళ్లు నా వామి మీద పడకూడదు సారూ. పడితే ఆ గడ్డి నా ఎద్దులు ముట్టవు."

"కాలిపోతే అసలు గడ్డే ఉండదు గదా రెడ్డీ."

"కాలనీ. బూడిదైతే ఎరువన్నా అయితాది. రేపు ఊరంతా ఏమంటాది? బాలిరెడ్డి నీళ్లతో ఓబుళరెడ్డి బతికినాడంటాది. అంతకంటే కాలిపోయేదే మేలు."

ఆయన మనుషులు కట్టెలు సర్దుకున్నారు. నేను మనసులో నియమాలన్నీ మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. బావివాడు నీళ్లు ఇవ్వనంటే ఏం చేయాలో ఉంది. మంట అంటుకున్నవాడే ఆర్పొద్దంటే ఏం చేయాలో ఎక్కడా లేదు. సముద్రపు గాలిలో కూర్చుని ఆ చట్టం రాసిన దొరలకు ఇట్లాంటి మనిషి ఉంటాడని తోచి ఉండదు. వాళ్లను తప్పు పట్టలేను. నాకూ అంతవరకు తోచలేదు.

అప్పుడు ఓబుళరెడ్డే ఉపాయం చెప్పాడు. "ఆ కొట్టం పీకేయండి. నడుమ సందు అయితాది. మంట ఆడికే నిలుస్తాది. ఎవురి నీళ్లూ అక్కర్లేదు."

బావి గట్టు మీది నుంచి బాలిరెడ్డి, "ఆ మాట నిజమే" అన్నాడు.

ఊరు ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం వాళ్లు ఎన్నడూ చూడలేదట. నిజం చెప్పాలంటే చట్టప్రకారం అది సరైన పనే. మాకు నేర్పించిందీ అదే: మంటకు ముందు సందు చెయ్యి. మా వాళ్లు బండి మీది నుంచి పొడుగు కొక్కేలు దించారు.

లక్షుమక్క ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకుని కొట్టంలోంచి బయటికి వచ్చింది.

"ఏంది సామీ అది?"

"కొక్కెం. మంట నిలవాలంటే నీ కొట్టం పీకాలక్కా."

"ఎవురు చెప్పినారు?"

"చట్టంలో ఉండాది."

"చట్టంలో నా కొట్టమే రాసుండాదా? ఓబుళరెడ్డి వామి ఈ కొస ఇంగా అంటుకోలా, దాన్ని పీకితే సందు గాదా? ఆ ఇద్దురికీ మిద్దెలుండాయి సామీ. మా ఇంటాయన గొర్రెలతో తిరిగొచ్చేతలికి కొట్టం ల్యాకపోతే మేము యాడ పండుకోవల్ల?"

ఆమె గొంతు పెంచలేదు. సందు ఎక్కడ చేసినా సందే. కానీ చట్టం ఇచ్చిన అధికారం ఎప్పుడూ అడ్డుచెప్పలేని వాడి కప్పు మీదికే ఎందుకు పోతుందో ఆమె ప్రశ్నతో నాకు తెలిసింది. మిద్దె మీదికి కొక్కెం వేయమని ఇంతవరకు ఎవరూ నాకు ఉపాయం చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ ఇద్దరి మీద మండింది, కొక్కేలు దించనిచ్చిన నా మీదా మండింది.

కొక్కేలు బండెక్కించమన్నాను. గొట్టం బాలిరెడ్డి బావిలో వేయమన్నాను. బాలిరెడ్డి లేచి నిలబడ్డాడు.

"నేనియ్యలా."

"మీరియ్యలేదు, నేనడగలేదు. సర్కారు తీసుకుంటాండాది."

ఆ మాటతో ఆయన మొహంలో కొంచెం ఊరట కనబడింది. ఇచ్చినవాడు కాకుండా పోయాడు కదా. గట్టు దిగి పక్కకు జరిగాడు. తర్వాత ఓబుళరెడ్డితో చెప్పాను: "మీ వామి మీద ఒక్క చుక్క పడదు రెడ్డీ. పూచీ నాది."

కట్టెలు పట్టుకున్నవాళ్లకు ఆపడానికి ఏమీ మిగల్లేదు. గొట్టం లక్షుమక్క కొట్టం మీదికి తిప్పించాను. బోద నానింది, గోడలు నానాయి, దొడ్డి నానింది, లోపల గొర్రెపిల్లలు గొంతు చించుకున్నాయి. వామికీ కొట్టానికీ నడుమ నేలంతా బురద చేశాం. నిప్పురవ్వలు వచ్చి ఆ తడి మీద పడి ఆరిపోయాయి. పక్కన వామి మాత్రం తన దారిన తాను కాలింది.

సగం వామి పోయాక ఓబుళరెడ్డి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మంట వైపే చూస్తూ, ఎవరికీ వినబడకుండా, "ఆ కొసన రోంత..." అన్నాడు.

"ఎవురి నీళ్లు రెడ్డీ?" అన్నాను.

ఆయన తిరిగి తన మనుషుల నడుమకు పోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం మస్తాన్ నవ్వాపుకోలేక బండి వెనక్కి పోయాడు, నాకూ హాయిగానే అనిపించింది.

వాన

కడపకు రెండు అర్జీలు పోయాయి. ఫైరువాళ్లు నా బావి నీళ్లు దౌర్జన్యంగా తోడుకున్నారని బాలిరెడ్డి. మండుతున్న నా వామిని వదిలేసి మండని కొట్టాన్ని తడిపారని ఓబుళరెడ్డి. నా సర్వీసులో నా మీద వచ్చిన అర్జీలలో పూర్తిగా నిజాలు రాసినవి ఆ రెండే.

మొదటి దానికి భయం లేదు, నీళ్లు తీసుకునే అధికారం ఉంది. రెండోది నా మెడకు చుట్టుకునేది. ఆర్పడం నా విధి, నేను ఆర్పలేదు. ఆయనే వద్దన్నాడని రుజువు చేయకపోతే ఉద్యోగం పోతుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మా నాయనకు మంత్రాలొచ్చు గానీ నాకు అవి కూడా సరిగా రావు.

మా వాళ్ల సాక్ష్యం చెల్లదు, బయటి సాక్షి కావాలి. ఓబుళరెడ్డి మనుషులు చెప్పరు. బాలిరెడ్డి మనుషులు చెబితే, అడిగితేనే ఇస్తానని ఆయన గట్టు మీద కూర్చున్న సంగతీ బయటికి వస్తుంది, కాబట్టి వాళ్లూ చెప్పరు. ఏ పార్టీకీ చెందనిది ఊళ్లో ఒక్క లక్షుమక్కే. పెద్దాఫీసరు గారు ఆమెను పిలిపించమన్నారు.

"పిలవకుంటే మేలు సారూ" అన్నాడు మస్తాన్. "నిజం చెప్తే ఓబుళరెడ్డి చేన్లల్లో ఆమె గొర్రె మేయదు. అబద్ధం చెప్తే మీరు పోతారు. యా పక్క కాలు పెట్టినా ముల్లే."

అది నాకూ తెలుసు. తెలిసినా, ఆమె నిజం చెప్పాలనే కోరుకున్నాను. ఆమె కొట్టం నిలబెట్టాను కదా, నా ఉద్యోగం ఆమె నిలబెట్టకూడదా అని లోపల ఒక ఆశ. భయపడ్డ మనిషికి న్యాయం తన వైపు నుంచే కనబడుతుంది.

విచారణ మా స్టేషన్లోనే, బండి నిలిపే షెడ్డులో జరిగింది. పెద్దాఫీసరు గారికి ఒక కుర్చీ వేశాం. ఒకే బల్ల మీద ఆ కొసన ఓబుళరెడ్డి, ఈ కొసన బాలిరెడ్డి కూర్చున్నారు. నడుమ ఇంకా నలుగురికి చోటుంది, ఎవరూ కూర్చోలేదు. లక్షుమక్క గుంజ పక్కన నిలబడింది.

"చూడమ్మా, ఆ రోజు ఓబుళరెడ్డి గారు తన వామికి నీళ్లు వద్దన్నారా?"

"నేను గొర్రెపిల్లల కాడ ఉంటి సామీ. నాకేం ఇనపడలా."

నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"పోనీ, బాలిరెడ్డి గారి బావి నుంచి నీళ్లు తీసుకోవడం చూశారా?"

"సూడలా."

"మరి మీ కొట్టం ఎలా తడిసిందండీ?"

"వానొచ్చింది సామీ."

"నడి ఎండాకాలంలోనా?"

"ఆ. వచ్చింది."

"వాన వస్తే పక్కనే ఉన్న వామి మీద కూడా పడాలి కదమ్మా?"

లక్షుమక్క అంతవరకు నేలనే చూస్తున్నది. అప్పుడు తలెత్తి ఓబుళరెడ్డి వైపు చూసింది. "అది అడిగి పడే వాన సామీ. వద్దన్నోళ్ల మీద పడలా."

పెద్దాఫీసరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మా భాష అర్థం కాదని మేము నవ్వుకున్న మనిషి, ఆ మాట మా అందరికంటే ముందు అర్థం చేసుకున్నారు. ఓబుళరెడ్డి వైపు తిరిగారు.

"రెడ్డి గారూ, ఒక్క మాట చెప్పండి చాలు. బాలిరెడ్డి గారి బావి నీళ్లు మీరు కావాలన్నారా, వద్దన్నారా?"

బల్ల ఈ కొసన బాలిరెడ్డి వినడానికి ముందుకు వంగాడు. వద్దన్నాను అంటే ఓబుళరెడ్డి అర్జీ అక్కడికే పోతుంది. కావాలన్నాను అంటే, ఆ మాట సాయంత్రానికి ఊరు చేరుతుంది, బాలిరెడ్డే మోసుకుపోతాడు. ఓబుళరెడ్డి బల్ల ఈ కొస వైపు ఒకసారి చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"వానే పడింది సారూ" అన్నాడు.

బాలిరెడ్డి ఏదో అనబోయాడు. "వాన పడితే మీ బావిలో నీళ్లు పెరిగి ఉంటాయి కదండీ, తగ్గడమేమిటి?" అన్నారు పెద్దాఫీసరు గారు. బాలిరెడ్డీ లేచిపోయాడు. రెండు అర్జీలూ అక్కడితో ముగిశాయి.

ఎవరూ రాయని విధి

నేను బయటికి పరుగెత్తి లక్షుమక్కను అందుకున్నాను. నీ మేలు మరవనని ఏదో చెప్పబోయాను. ఆమె ఆగలేదు, నడుస్తూనే మాట్లాడింది.

"నీకోసరం గాదు సామీ. నీకు ఈ ఊరు గాకపోతే ఇంగో ఊరిస్తారు. నేను ఆ ఇద్దురి నడుమనే ఉండాల. వచ్చే పంటకు మళ్లా ఏస్తారు వాములు, నా కొట్టానికి ఈ పక్కొకటి ఆ పక్కొకటి. వామి ఏసేటప్పుడు రా సామీ. కాలేటప్పుడు ఎవురన్నా వస్తారు."

ఆ మాట విన్నాక స్టేషన్లోకి పోయి నియమాలు మళ్లీ చదివాను. ఇళ్ల పక్కన గడ్డి పేర్చకుండా ఆపించే దారి అందులోనే ఉంది. అందరూ దాటుకుంటూ పోయే పేజీ. గొడ్డలి లేదు, గంట లేదు, ఎవరూ చూడరు, కాబట్టి ఎవరికీ గుర్తుండదు. అది అధికారమని రాశారు గానీ విధి అని రాయలేదు. చేస్తే చేయవచ్చు, చేయకపోతే అడిగేవాడు లేడు.

పెద్దాఫీసరు గారికి లక్షుమక్క మాట చెప్పాను. హద్దు దాటి పోవడానికి బాధ్యత గల మనిషి కబురు కావాలి కదా అని నేనే గుర్తు చేశాను. "ఆవిడ చెప్పింది కదండీ" అన్నారు ఆయన.

ఆ కోతల కాలంలో మస్తానూ నేనూ బండి తీసుకుపోయాం. గంట కొట్టలేదు. కొట్టం పక్కన వామి వేసే చోట బండి నిలిపి, దాని నీడలో కూర్చున్నాం. ఓబుళరెడ్డి గడ్డి బండ్లు వచ్చాయి, మమ్మల్ని చూశాయి, తిరిగి ఊరవతల కళ్లం వైపు పోయాయి. ఆయన గడ్డి అంత దూరం పోతే తన గడ్డి కొట్టం పక్కన పెట్టడం బాలిరెడ్డికి నామోషీ అయింది, ఆయన ఇంకా దూరం తోలించాడు. లక్షుమక్క మాకు మజ్జిగ ఇచ్చింది. ఆమె భర్తను ఆ రోజే మొదటిసారి చూశాను. ఆయన దొడ్డి కంప సరిచేసుకుంటూ ఉన్నాడు.

ప్రొద్దుటూరులో ఉన్నన్నాళ్లు ప్రతి కోతలకూ పోయాను. తర్వాత నాకు బదిలీ అయింది. ఆమె చెప్పినట్టే ఇంకో ఊరిచ్చారు. నా చోటికి వచ్చిన ఆయనకు స్టేషన్ అప్పగించేటప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన మంచివాడే, చురుకైనవాడే. శ్రద్ధగా విని, "అది మన డ్యూటీలోకి రాదు కదా సార్" అన్నాడు.